పొద్దుటూరు బిళ్ళ

పోయిన నెల ఆఫీసు పని మీద పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు మస్తాన్ భాయ్ సైకిల్ షాపు ముందు ఆగాను. పనేమీ లేదు, పాత అలవాటు. ఆయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచుతూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"మీ మామ పాయ."

"ఎట్ల?" అన్నాను.

మా జిల్లాలో చావు కబురు విన్నప్పుడు అడిగే ఈ ప్రశ్నకు అర్థం జబ్బేమిటని కాదు. ఎవరు చంపారు, ఎక్కడ, వెంట ఎవరున్నారు అని. మస్తాన్ భాయ్‌కి అది తెలుసు. బుడగలు వస్తున్న చోట వేలు పెట్టి, "అట్ల గాదులేప్పా. జరమొచ్చి పాయ. మంచం మీదనే," అన్నాడు.

ఆ మామ నాకు బంధువు కాదు. మా వైపు వరస తెలియని పెద్దవాళ్ళందరూ మామలే. పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు చెబితే ఊరు తెలుస్తుంది. ఊరు తెలిస్తే ఆయన ఏ పక్క మనిషో చదివేవాళ్ళే తేల్చేస్తారు. అది ఆయనకు ఇష్టముండదు.

డిప్లొమా అయిపోయాక నేను ప్రొద్దుటూరు మునిసిపల్ ఆఫీసు ఇంజనీరింగ్ సెక్షన్‌లో అప్రెంటిసుగా చేరి, తర్వాత అక్కడే టెంపరరీ వర్క్ ఇన్‌స్పెక్టరుగా కొన్నాళ్ళు పనిచేశాను. వరసగా గదులున్న ఒక కాంపౌండులో అద్దెకు దిగాను. ఎదురు గది మామ వాళ్ళది, ఆయనా భార్యా. ఆయన నూనె మిల్లులో కాటా దగ్గర పని. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. జమ్మలమడుగు అవతల ఏదో పల్లె నుంచి వచ్చారని మాత్రమే కాంపౌండులో తెలుసు.

నేను సామాను దించిన రోజే ఆయన గదిలోంచి వచ్చి నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. మనిషి పొడుగు, సన్నం. తెల్ల పంచె, తెల్ల టవలు. ముందు చక్రం దగ్గర వంగి చూసి అడిగాడు.

"బిళ్ళ యాడప్పా?"

బిళ్ళ సంగతి చెప్పాలి, ఇప్పుడది లేదు కనుక. మునిసిపాలిటీ పరిధిలో సైకిల్ ఉన్నవాళ్ళు ఏడాదికొకసారి పన్ను కట్టాలి. కడితే నంబరు గుద్దిన రేకు బిళ్ళ ఇచ్చేవాళ్ళు. మోసం జరగకుండా ఏటికేటికి ఆకారం మార్చేవాళ్ళు. ఒక ఏడు గుండ్రం, ఒక ఏడు రావి ఆకు, ఒక ఏడు పలక. కొత్త బిళ్ళలు వచ్చిన కొత్తలో బిల్లు కలెక్టర్లు కూడలిలో నిలబడి సైకిళ్ళను ఆపేవాళ్ళు. వాళ్ళను దూరం నుంచి చూడగానే ఊళ్ళో సగం సైకిళ్ళు సందుల్లోకి తిరిగేవి. పల్లెల్లో ఈ బాధ లేదు, పంచాయతీ వాళ్ళు సైకిల్‌ను పట్టించుకోరు.

అదే చెప్పాను. మా ఊళ్ళో బిళ్ళ అక్కర్లేదు మామా, మాది పులివెందుల దగ్గర, అని ఊరి పేరు చెప్పబోతే అరచెయ్యి ఎత్తి ఆపాడు.

"యా ఊరో నాకెందుకు? ఈడ ఉండేదానికి వచ్చినావా, ఊరికే పొయ్యేదానికి వచ్చినావా?"

"ఉండేదానికే."

"అట్లయితే బిళ్ళ గావల్ల. ఎవరన్నా అడిగితే పొద్దుటూరు అని చెప్పు, సాలు."

మర్నాడు పొద్దున నన్ను కౌంటరు దాకా వెంటబెట్టుకుని వెళ్ళాడు. నేను పనిచేసే ఆఫీసుకే, నేను పన్ను కట్టడానికి. గుమాస్తా నవ్వాడు. బిళ్ళ చేతికి రాగానే అందరిలాగా నేను ముందు ఇరుసు నట్టుకు బిగించబోయాను. ఆయనకు నచ్చలేదు. ఆయన బిళ్ళ ముందు మడ్‌గార్డు నడినెత్తిన ఉండేది, ఎదురుగా వచ్చేవాడికి కనబడేట్టు. రెండు బోల్టులు, రెండు వాషర్లు వేసి బిగించి, వారానికోసారి టవలు కొసతో తుడిచేవాడు.

చదివింది మెకానికల్ కనుక ఆయన సైకిల్‌ను నేను చాలాసార్లు శ్రద్ధగా చూశాను. ఇరవై నాలుగంగుళాల నల్ల సైకిల్. గంటలు రెండు. సీటుకు మిల్లులో దొరికిన గోనెపట్టా తొడుగు. చైను కవరు మీద పెయింటుతో పేరు రాయించుకోవడం అప్పట్లో ఫ్యాషను, దేవుడి పేరో, కొడుకు పేరో, నాయకుడి పేరో. ఆయన చైను కవరు మీద ఏమీ లేదు. వెనక క్యారియర్ అసలు లేదు. కొన్నప్పుడు ఉండిందట. విప్పించేశాడు. సంచి హ్యాండిల్‌కు వేలాడేది. వర్షాకాలంలో బియ్యం మూట తేవాల్సి వస్తే సీటు మీద పెట్టి తోసుకుంటూ నడిచి వచ్చేవాడు.

ఒకసారి నేను మస్తాన్ షాపులో ఒక సెకండ్‌హ్యాండు క్యారియర్ చూపించి, బిగించుకోకూడదా మామా అన్నాను.

"క్యారియర్ ఉంటే ఎవడో ఒగడు ఎక్కుతాడు," అన్నాడు.

"ఎక్కితే ఏమి?"

"ఎక్కినోడు ఎవడు, యాడ ఎక్కినాడు, యాడ దిగినాడు అని సూసేటోళ్ళు ఉంటారు. వాడు దిగి పోతాడు. నేను మిగుల్తా."

మస్తాన్ భాయ్ పానా కింద పెట్టి, "ఈయప్ప భార్యను గూడా ఎక్కిచ్చుకోడు. ఆమె ఎనకంటి నడిచి వచ్చాంటాది. సూసినోళ్ళు సైకిలే మొగుడనుకుంటారు," అన్నాడు. మామ నవ్వలేదు, కోప్పడనూ లేదు. మాట తన గురించి కానట్టు టీ తాగాడు.

టీ మస్తాన్ షాపులోనే తాగేవాడు. ఆ వీధిలో టీ అంగళ్ళు రెండుండేవి. ఒకదాని ముందు ఒక పార్టీ వాళ్ళు, రెండో దాని ముందు రెండో పార్టీ వాళ్ళు. ఎక్కడ గ్లాసు పట్టుకుంటే అక్కడి మనిషని లెక్క. ఆయన ఇంట్లోంచి గ్లాసు తెచ్చుకుని, ఏదో ఒక అంగడి పిల్లాడితో సైకిల్ షాపుకు తెప్పించుకునేవాడు. ఈ రోజు ఈ అంగడి అయితే రేపు ఆ అంగడి. ఈ వంతు ఆయన ఎప్పుడూ తప్పింది నేను చూడలేదు.

గంటల సంగతి కూడా విచిత్రంగా ఉండేది. మలుపు రాకముందే మోగించేవాడు. సందులో ఎవరూ లేకపోయినా మోగించేవాడు. మా పల్లెల్లో భయమున్న మనిషి సైకిల్ మీద వెళ్తూ మాటిమాటికి వెనక్కి చూస్తాడు. ఈయన ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. సద్దు లేకుండా వచ్చేవాణ్ణి చూస్తేనే జనానికి అనుమానం, గంట కొట్టుకుంటూ వచ్చేవాడి వల్ల ఎవరికీ బెదురుండదని ఆయన లెక్క.

ఈ జాగ్రత్తలన్నింటి వెనక ఏముందో నాకు ఎన్నికలప్పుడు తెలిసింది.

అసెంబ్లీ ఎన్నికలు. పోలింగుకు ముందు రోజు కాంపౌండు ముందు జీపు ఆగింది. దిగినవాడు ఆయన అన్న కొడుకు, నా వయసువాడు. జీపులో ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. గడప దాటకుండానే, "చిన్నాయనా, నాయన రమ్మన్యాడు. రేపు ఓటుకు పోవల్ల. పిన్నమ్మను గూడా ఎక్కించు," అన్నాడు.

ఆయన బయటికి వచ్చి సైకిల్ పక్కన నిలబడ్డాడు. మడ్‌గార్డు మీద వేలు పెట్టాడు.

"ఇది సూడు. ఏమని ఉండాది?"

వాడు వంగి చదివాడు. మునిసిపాలిటీ పేరు, ఏడు, నంబరు.

"ఓటుకు పిలిస్తే సైకిల్ సూపిస్తావేంది చిన్నాయనా?"

"నేను ఈ ఊరోణ్ణి. పన్ను కట్టినా. బిళ్ళ ఇచ్చినారు. ఈ ఊరోణ్ణి కాకుంటే ఇస్తారా? మీ ఊరి సంగతి మీరు సూసుకోండి."

జీపులో నవ్వులు. "రేకు ముక్కను ఇంత నమ్ముకున్యావే మామా," అన్నాడొకడు. అన్న కొడుకు నవ్వలేదు. "ఆ పక్కోళ్ళ జీపు వస్తే?" అన్నాడు.

"వచ్చినా ఇదే సూపిస్తా."

సాయంత్రం నిజంగానే రెండో జీపు వచ్చింది. దిగినవాడు ఆమె అన్న. "బావా," అని మొదలుపెట్టాడు. ఆయన అదే చోట నిలబడి, అదే వేలు పెట్టి, అవే మాటలు చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. తన అన్న కొడుక్కి చెప్పినదాని కంటే బావమరిదికి మెత్తగా చెప్పి ఉంటే ఆ తేడా కూడా లెక్కలోకి వస్తుందని కాబోలు.

సంగతి ఇది. వాళ్ళ పల్లె రెండుగా చీలినప్పుడు ఆయన అన్న ఒక పక్క ముఖ్యుడు. ఆమె అన్న రెండో పక్క ముఖ్యుడు. పల్లెలో ఏ పక్కా కాదనడానికి వీల్లేదు, అట్లా అన్నవాణ్ణి రెండు పక్కలూ నమ్మవు. ఆయన ఒక పక్క చేరితే ఆమెకు పుట్టిల్లు పోతుంది. రెండో పక్క చేరితే ఆయనకు పోతుంది. అందుకే ఉన్న చేను కౌలుకిచ్చి ఇద్దరూ ప్రొద్దుటూరు వచ్చేశారు.

జీపులు వెళ్ళాక నేను చెప్పాను. "ఓటు ఇక్కడికి మార్చుకోండి మామా. నేనే ఫారం తెస్తా. అప్పుడు ఎవరూ రారు."

"ఓటు ఈడికి మారితే ఆడ ఒగటి తగ్గుతాది గదా?"

"తగ్గుతుంది."

"ఎవరికి తగ్గె?"

అడిగి తనే చెప్పాడు.

"మా అన్నేమో నాకు తగ్గించినాడంటాడు. ఆమె అన్న నాకు తగ్గించినాడంటాడు. బిళ్ళతో ఎవనికీ ఏమీ తగ్గదప్పా. దుడ్లు నావి, సైకిల్ నాది."

ఆ మాటలో తప్పు పట్టడానికి అప్పుడు నాకేమీ కనబడలేదు. లోపల్నించి ఆమె, "నేనెన్నడన్నా మా అన్న పక్క పొమ్మని చెప్పినానేమో అడుగు నాయనా," అంది.

"చెప్పలే," అన్నాడాయన. "నేనూ చెప్పలే."

తర్వాత ఒక ఏడు సైకిల్ పన్ను మొత్తానికే ఎత్తేశారు. ఊరంతా సంతోషించింది. మా ఆఫీసులో కూడా, ఆ రేకులు గుద్దించే పని తప్పిందని. కొత్త బిళ్ళలు ఇవ్వాల్సిన రోజున నేను సెక్షన్‌లో కొలతలు వేసుకుంటుంటే కౌంటరు దగ్గర గొంతు వినబడింది.

"నేను కడతానంటే తీసుకోకపోతే ఎట్ల సామీ?"

"పెద్దాయనా, పన్ను లేదు. తీసేసినారు," గుమాస్తా అన్నాడు. "ఇంగ బిళ్ళ లేకుండానే తొక్కుకో. యాడికన్నా పో. ఎవడూ ఆపడు."

"ఆపడం గాదు. నేను ఈడోణ్ణని ఎట్ల తెలుస్తాది?"

"ఎవరికి తెలియల్ల?"

 వెనక నిలబడినవాళ్ళు, "కట్టించుకోండి సార్, మా నీళ్ళ పన్ను గూడా ఆయప్పతోనే కట్టించుకోండి," అని నవ్వారు. నేను బయటికి వచ్చి ఆయన్ను వరండాలోకి తీసుకెళ్ళాను. గోడకు ఆనించిన సైకిల్ మీద పోయిన ఏటి రావి ఆకు బిళ్ళ మెరుస్తోంది.

"నువ్వు ఈ ఆఫీసోడివే గదా," అన్నాడు. "ఒగ రేకు కోసి, దాని మీద ఈ ఏడు కొట్టియ్యలేవా?"

"కొట్టించవచ్చు మామా. కాని అది దొంగ బిళ్ళ అవుతుంది."

బిళ్ళను టవలు కొసతో తుడిచాడు.

"అట్లయితే వద్దులే. దొంగ బిళ్ళ పెట్టుకున్యోడు యా ఊరోడైనా ఒగటే," అని సైకిల్ తీసుకుని వెళ్ళాడు. ఆ రోజు వీధి మలుపులో గంట వినబడలేదు.

ఆ ఏడాదే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అసెంబ్లీకి ఓట్లు వేలల్లో ఉంటాయి, ఒకరు రాకపోతే ఎవరికీ పట్టదు. పంచాయతీలో ప్రతి ఓటుకూ ముఖముంటుంది. ఈసారి జీపుతో వచ్చిన అన్న కొడుకు సరాసరి సైకిల్ దగ్గరికే వెళ్ళి వంగి చూశాడు.

"చిన్నాయనా, ఇది పోయినేటిది. గడువు అయిపాయ గదా."

ఆయన మడ్‌గార్డును అరచేత్తో కప్పాడు.

"నాయన ఒగటే మాట చెప్పమన్యాడు. రేపు మా జీపులో రాకుంటే నువ్వు ఆ పక్క ఉండావని అనుకుంటాం. ఊర్లో ఈసారి ఎట్లుందో నీకు తెల్సు."

తెలుసు. చేలో చీనీ చెట్లు నరకడంతో మొదలై, మనుషుల దాకా వచ్చింది. మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. ఆయనా అదే మాట చెప్పాడు, పక్క మార్చి.

లెక్క తేలికే. ఈ జీపు ఎక్కితే వీళ్ళ మనిషి. ఆ జీపు ఎక్కితే వాళ్ళ మనిషి. ఏదీ ఎక్కకపోతే ఇద్దరికీ శత్రువు. నేను పోలీసు స్టేషన్‌లో చెబుదామన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పోలింగు రోజు తెల్లారేసరికి ఆయన సైకిల్ కడుగుతూ కనబడ్డాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"వచ్చిన జీపులు యాల వద్దనల్ల? ఏదో ఒగటి ఎక్కి పోకూడదా?" అంది నాతో, ఆయన వినేట్టు. "నన్ను రావద్దన్యాడు, ఒక్కడే పోతాడంట. జమ్మలమడుగు దాటినాక దావలో ఎవరు నిలబడుకోని ఉంటారో."

"ఎవరి జీపూ ఎక్కకుండా పోయినోడు ఎవరి మనిషీ కాదు," అన్నాడాయన. "అంతే గదా."

టవలు నడుముకు చుట్టుకుని ఎక్కాడు. మైలవరం దారిలో నా స్నేహితుడి ఇల్లు ఉంది, అక్కడిదాకా నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. ఇద్దరు వస్తే ఇద్దరు వచ్చినారంటారు, ఒకడు వస్తే ఓటుకు వచ్చినాడంటారు అన్నాడు.

ఆ రోజు నాకు సెలవు. ఏ పనీ చేయలేదు. ఆమె మిషను మీద కూర్చుంది కాని చక్రం తిరిగిన చప్పుడు వినబడలేదు. మధ్యాహ్నం దాటింది. మస్తాన్ భాయ్ షాపు మూసి వచ్చి కాంపౌండు గేటు దగ్గర నిలబడ్డాడు, ఎందుకు వచ్చాడో చెప్పకుండా. పొద్దు వాలుతుండగా వీధి మలుపు అవతల గంట వినబడింది. రెండు గంటలూ.

ఆయన దిగి స్టాండు వేసి, కాళ్ళు కడుక్కుని, గుమ్మం మీద కూర్చుని చెప్పాడు. అడిగింది మస్తాన్ భాయే.

ఊరి చేలు మొదలైన చోటు నుంచే గంట కొట్టుకుంటూ వెళ్ళాడట. వీధిలో ఆ అరుగు మీద వాళ్ళు, ఈ అరుగు మీద వీళ్ళు. దిగి సైకిల్ తోసుకుంటూ నడి వీధిలో నడిచాడట. ఎవరూ పలకరించలేదు, ఎవరూ ఆపలేదు. బడిలో బూత్. బల్ల దగ్గర రెండు పక్కల ఏజెంట్లు.

"ఆ సారు సిన్నపిల్లోడు. నంబరు ఎదుకుతాడు, నా తట్టు సూస్తాడు, మళ్ళా ఎదుకుతాడు. 'పెద్దాయనా, నీ ఓటు పొద్దున్నే పడిపోయింది' అన్యాడు."

"ఎవరు యేసినారు?" మస్తాన్ భాయ్ అన్నాడు.

"నేనే అంట. వచ్చి ఏసిపోయినానంట." మొదటిసారి ఆయన మొహంలో నవ్వు లాంటిది కనబడింది. "ఏజెంట్లు ఇద్దరూ పైన మిద్దె తట్టు సూస్తాండారు. వానలు వస్తే కారుతాదేమో అన్నెట్ల. ఆ సారు నిదానంగా, కావాలంటే వేరే కాగితం ఇస్తా, నీ ఓటు ఎవరో ఏసినారని సంతకం పెట్టు అన్యాడు. వద్దులే సామీ, పడింది గదా, సాలు అన్యా. పోయినసారి గూడా పడిందా అని అడిగితే, పాత లిస్టు నా తావ లేదన్యాడు. పడే ఉంటాదిలే. అన్నిసార్లూ పడుంటాది."

"అయితే ఆ జీపులు ఎందుకొచ్చె?" అన్నాను.

"ఓటుకు గాదప్పా. నేను ఎవరి జీపులో కూర్చుంటానో ఊరు సూసేదానికి."

మస్తాన్ భాయ్ రెండు చేతులూ ఎత్తి ఏదో గొణుక్కుని ఇంటికి వెళ్ళాడు. నేను లేచాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి ఇవతలికి వచ్చింది. అంతసేపూ లోపలే ఉండి అంతా విన్నట్టుంది.

"మా అన్నోళ్ళా, మీ అన్నోళ్ళా, ఏసింది?" అంది.

"అడగలే."

"ఇన్నేండ్లు మన పేరు పెట్టి ఏసినోడు ఎవడో తెలుసుకోవల్లని నీకు అనిపీల్యా?"

"అనిపిచ్చింది." టవలుతో మొహం తుడుచుకున్నాడు. "అడిగింటే చెప్పేటోళ్ళే. చెప్పింటే ఈ పొద్దు ఈ ఇంట్లో ఒగరికి సిగ్గు, ఒగరికి కోపం. రోంత దూరమా నేను తొక్కింది? ఆకలైతాంది. సంగటి పెట్టు."